ఒకే కామెర్లు, ఇద్దరు బిడ్డలు

2021లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పిల్లల థెరపీ సెంటర్‌లో ఫిజియోథెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. కింద చెప్పుల షాపు, పై అంతస్తులో మేము. ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు మెడ నిలపడం, కూర్చోవడం, వీలైతే నడవడం నేర్పించడం నా పని. చాలా ఏళ్లుగా అదే పనిలో ఉండడం వల్ల, కొత్త బిడ్డ లోపలికి రాకముందే ఊరి పేరు విని సమస్య ఏదై ఉంటుందో ఊహించే అలవాటు పడింది. చైతన్యపురి, కొత్తపేట అపార్ట్‌మెంట్ల నుంచి రెండేళ్ల పిల్లలు వచ్చేవాళ్లు. పిలిస్తే చూడరు, మాట రాలేదు. ఆటిజమేమోనని తల్లే ముందుగా అనేది. ఎల్బీనగర్, పెద్ద అంబర్‌పేట్ దాటి, అవుటర్ రింగ్ రోడ్డు అవతలి నుంచి వచ్చే పిల్లలు వేరు. నాలుగేళ్లో ఐదేళ్లో నిండాక, తల్లి చంకనెక్కి వచ్చేవాళ్లు. వాళ్లలో ఎక్కువమందిది సెరిబ్రల్ పాల్సీ. అంటే పుట్టినప్పుడో, ఆ తర్వాత కొద్దిరోజుల్లోనో మెదడు దెబ్బతిని కండరాలు చెప్పిన మాట వినకపోవడం.

రజిత ఆ అవతలి వైపు నుంచే వచ్చింది. చిన్న వయసు. భర్త శ్రీశైలం సరుకులు మోసే డీసీఎం వ్యాన్ నడుపుతాడు, ఊళ్లో ఉండేది తక్కువ. కూతురు అక్షితకు నాలుగేళ్లు. ఆ పిల్ల చేతులు, మెడ, మూతి ఎప్పుడూ మెలితిరుగుతూనే ఉండేవి. బొమ్మ అందుకోవాలని చెయ్యి చాపితే, చెయ్యి వెనక్కి పోయేది. వినికిడి తక్కువ. కళ్లు పక్కలకు తిప్పగలదు గానీ పైకి ఎత్తలేదు. ఇవన్నీ కలిసి కనిపిస్తే మేము మొదట అడిగేది ఒకటే.

"పుట్టినప్పుడు కామెర్లు వచ్చాయా అమ్మా?"

"పసిరికలా? అయినయ్ మేడం. పసుపు పూసినట్టు అయింది. కాన్పయిన తెల్లారే ఇంటికి పంపిన్రు. పొద్దుగాల ఎండల పండబెట్టమన్నరు, పండబెట్టినం."

"తర్వాత?"

"పాలు తాగుడు బంద్ చేసింది. సన్నగ, ఒక్కతీరుగ ఏడ్చింది. ఒళ్లు విల్లు లెక్క వంచింది. గప్పుడు పట్నం తెచ్చినం. రక్తం మార్చిన్రు. బతికింది."

పుట్టిన బిడ్డల రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పెరగడం మామూలే. అది హద్దు దాటితే మాత్రం మెదడులో కదలికలను అదుపు చేసే భాగాన్ని, వినికిడి నరాలను దెబ్బతీస్తుంది. ఆలోచించే శక్తి చాలామందిలో అలాగే మిగిలిపోతుంది. అక్షిత విషయంలో అదే జరిగింది. వినికిడి మిషన్ పెట్టాక ఆ పిల్ల ఎంత అర్థం చేసుకుంటుందో మాకే తెలిసివచ్చింది. అవునంటే తల్లి వైపు, కాదంటే కిటికీ వైపు చూడమని మా స్పీచ్ థెరపిస్ట్ నేర్పింది. ఇక ఆ పిల్ల ఊరుకునేది కాదు. పాలు కావాలా అంటే కిటికీ. బయటికి పోదామా అంటే అమ్మ. నాతో వ్యాయామం చేస్తావా అంటే కిటికీ వైపు చూసి, నా మొహం ఎలా మారిందో గమనించి, ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వేది.

రజిత రెండు బస్సులు మారి వచ్చేది. ఆరునెలలు పోయేసరికి అక్షిత మూలకుర్చీలో, అంటే రెండు వైపులా వీపుకు ఆనిక ఉండే చెక్కకుర్చీలో, అన్నం తినేంతసేపు కూర్చోగలిగింది. అప్పుడే రజిత మళ్లీ గర్భవతి అని చెప్పింది.

రక్తం గ్రూపులు చూశాం. తల్లిది ఓ, తండ్రిది బి. అలాంటి జంటల్లో కొందరి బిడ్డలకు కామెర్లు తొందరగా, తీవ్రంగా వస్తాయి. ఒక బిడ్డకు వస్తే తర్వాతి బిడ్డకూ వచ్చే అవకాశం ఎక్కువ. ఈసారి కాన్పు ఊళ్లో వద్దని మా పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు. రజిత ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. నెలలు నిండక ముందే ఎల్బీనగర్‌లో అక్క కిరాయికి ఉంటున్న ఇంటికి వచ్చేసింది.

రెండోదీ ఆడపిల్లే. పుట్టిన రోజు సాయంత్రానికే పచ్చబడింది. కాన్పయిన ఆస్పత్రిలో నవజాత శిశువుల వార్డు ఉంది. వెంటనే లోపలికి తీసుకున్నారు. మర్నాడు డ్యూటీ అయ్యాక నేను వెళ్లేసరికి రజిత వార్డు అద్దం దగ్గర నిలబడి ఉంది. లోపల బిడ్డ కళ్లకు గంతలు కట్టి, డైపర్ తప్ప ఒంటిమీద ఏమీ లేకుండా నీలం లైటు కింద పడుకోబెట్టారు. దాన్ని ఫొటోథెరపీ అంటారు.

"ఏం జేస్తున్నరు మేడం లోపల?"

"ఆ లైటుకి బిలిరుబిన్ విరిగిపోతుంది. మూత్రంలో, విరేచనంలో బయటికి పోతుంది."

"ఆపరేషనేం లేదా?"

"లేదు. అప్పుడప్పుడూ రక్తం తీసి చూస్తారు. పాలు పట్టిస్తారు. మిగతాదంతా లైటే."

అద్దానికి ఇంకా దగ్గరగా జరిగింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"గింతేనా?"

నా వైపు తిరిగింది.

"మా అక్షితకు గిది పెడితే అయిపోవునా? గీ లైటేనా మేడం?"

"సకాలంలో పెట్టి ఉంటే చాలావరకు సరిపోయేది రజితా" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి, నేలమీద కూర్చుంది. వాళ్లక్క మిఠాయి డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నర్సు బయటికొచ్చి, లెవెల్ తగ్గుతోంది, భయం లేదు అని చెప్పింది. రజిత తలెత్తలేదు. బిడ్డకు ఏదో అయిందనుకుని వాళ్లక్క నా మొహం వైపు చూసింది.

బిడ్డకు ఏమీ కాలేదు. వినికిడి పరీక్ష కూడా బాగా వచ్చింది. అనన్య అని పేరు పెట్టి ఊరికి తీసుకెళ్లారు. ఆ తర్వాత రజిత సెంటర్‌కు రావడం మానేసింది.

ఫోన్ చేస్తే శ్రీశైలం ఎత్తాడు. "ఇద్దర్ని ఎత్తుకొని రెండు బస్సులు ఎట్ల మారుతది మేడం? నేనేమో బండి మీద పోతి. మా అమ్మకు నడుము లేవది. మా దిక్కు ఎవలన్న ఉంటే చెప్పున్రి, రోజు తోల్కపోతం."

వాళ్ల దిక్కు ఎవరున్నారని చాలామందిని అడిగాను. మా సెంటర్ ఉన్న రోడ్డులోనే ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. అవుటర్ దాటాక, అక్షిత చేరగలిగేంత దూరంలో ఒక్కటీ దొరకలేదు. వ్యాయామాలు వీడియో తీసి ఫోన్‌లో పంపాను. చేస్తున్నానని రజిత కొన్నాళ్లు జవాబిచ్చింది. తర్వాత జవాబులు ఆగిపోయాయి.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లాను. అక్షిత చాప మీద పడుకుని ఉంది. కాళ్లు బిగుసుకుపోయి ఒకదాని మీదికొకటి వచ్చేశాయి. ఎడమ తుంటి కీలు పక్కకు జరిగిందని చెయ్యి పెట్టగానే తెలిసింది. ఇంటికిచ్చిన మూలకుర్చీ చాలడం లేదు. వినికిడి మిషన్ పాడైతే బాగుచేయించలేదు. నన్ను గుర్తుపట్టింది. ఆ సంతోషానికి ఒళ్లు ఎంత మెలితిరిగిపోయిందంటే, రజిత వచ్చి భుజాలు అదిమి పట్టుకోవలసి వచ్చింది. అనన్య ఇంట్లోకీ బయటికీ పరిగెడుతోంది. అక్షిత చూపు ఆ పిల్ల వెంటే తిరుగుతోంది.

"పెద్దదానికి అన్నీ అర్థమైతయి మేడం" అంది రజిత. "చెల్లె ఉరుకుతుంటే గట్లనే చూస్తది."

మాటల్లో నాలుగిళ్ల అవతల ఇంకో పిల్లవాడి సంగతి చెప్పింది. ఆరేళ్లు వచ్చినా ఎవరితోనూ మాట్లాడడు, పిలిస్తే పలకడు, ఒక్కడే గుండ్రంగా తిరుగుతుంటాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టారట. అవుటర్ అవతలి నుంచి ఆటిజం పిల్లలు మా దగ్గరకు ఎందుకు రారో అప్పుడు అర్థమైంది. నడవలేని పిల్లనైనా ఎత్తుకుని వస్తారేమో గానీ, పరిగెత్తగల పిల్లవాడికి జబ్బుందనుకుని రెండు బస్సులు మారి తెచ్చేదెవరు? ఆ పిల్లవాడి అమ్మతో మాట్లాడాను. ఎక్కడికి రమ్మంటారని అడిగింది. దిల్‌సుఖ్‌నగర్ అన్నాను. అలాగేనంది. రాలేదు.

ఈ కేసు ఏం నేర్పిందని అడిగితే, ఆ రోజు నేను బయల్దేరుతుంటే రజిత అన్న మాటే చెప్పాలి.

"మీరు ఆ లైటు సంగతి చెప్పకపోతే బాగుండు అనిపిస్తది మేడం ఒక్కోసారి. దేవుడు చేసిండనుకొని ఊకునేదాన్ని. ఇప్పుడు ఎవల మీద కోపం తెచ్చుకోవాలె?"

అనన్య నా చున్నీ పట్టుకుని లాగుతోంది. కారణం తెలియకపోయి ఉంటే ఆ పిల్ల కూడా అక్క పక్కనే, అదే చాప మీద ఉండేది. అందుకే ఇప్పటికీ ప్రతి తల్లికీ కారణం చెప్తూనే ఉన్నాను. చెప్పాక ఆమె మొహం వైపు చూడడం మాత్రం ఇన్నేళ్లయినా చేతకావడం లేదు.