నూకరత్నం అత్తకి మావయ్య చెప్పిన సినిమా

మా చిన్నప్పుడు... వన్ టౌన్‌లో మా వీధి చివర ఉన్న హాల్లో ఆదివారం మ్యాట్నీకి పాత జానపద సినిమాలు వేసేవారు. బెంచీ టిక్కెట్టు, ఫ్యాన్ల గరగర, వేయించిన శనక్కాయల వాసన... ఆ చీకట్లో మా అప్పలసూరి మావయ్య, అత్త చెవి దగ్గర నోరు పెట్టి సినిమా అంతా చెబుతూ ఉండేవాడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. పోర్టులో బస్తాలు మోసే కళాసీ. మా నూకరత్నం అత్తకి కూతురు పుట్టిన దగ్గర్నుంచీ చూపు తగ్గుతూ వచ్చింది. నాకు ఊహ తెలిసేసరికి ఆమెకి తెర మీద వెలుతురు కదలడం మాత్రమే తెలిసేది. అయినా సినిమా అంటే ప్రాణం. కూతుర్ని మా అమ్మ దగ్గర వదిలేసి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు ఇద్దరూ.

ఒక సినిమా నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. మాంత్రికుణ్ణి పెళ్ళాడనన్నందుకు ఒక రాజకుమారికి చూపు పోతుంది. ఆమెని రోజూ ఏరు దాటించే పడవవాడు, సముద్రం అడుగునున్న వెన్నెల ముత్యం తెచ్చి ఆమె కళ్ళు తెరిపిస్తానని బయలుదేరతాడు. రాకాసి చేపలు, ఎగిరే పడవ, పాటలు పాడే జలకన్యలు... నేనైతే కాళ్ళు బెంచీ మీదకి లాక్కుని కూర్చున్నాను.

సినిమా నలుపు తెలుపు. మావయ్య మాత్రం రంగుల్లో చెప్పేవాడు.

"తెరసాప ఎర్రగున్నాది రత్నం... పొద్దున్నే సముద్రం మీద ఆకాశం ఉంటాది సూడు, అలాగ."

ముందు బెంచీ ఆయన విసుగ్గా వెనక్కి తిరిగాడు. "ఏటి బావా, సినిమా సూడనిత్తావా లేదా?"

"కోప్పడకు బావా. దీనికి కళ్ళు ఆనవు," అన్నాడు మావయ్య.

ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. కాసేపటికి మావయ్యకి దగ్గు తెర వచ్చి ఆగిపోతే, ఆ మనిషే కంగారుగా మా వైపు వంగి, "పడవ ఎగిరిపోతంది... సెప్పు బావా, సెప్పు!" అన్నాడు. బెంచీ బెంచీ నవ్వేసింది. అందరికంటే గట్టిగా అత్తే నవ్వింది.

ఆఖర్న ముత్యం తాకగానే రాజకుమారికి చూపు వస్తుంది. అంతవరకూ గొంతు మాత్రమే తెలిసిన పడవవాణ్ణి చూసి, "నువ్వేనా?" అంటుంది. హాలంతా చప్పట్లు... ఆ ఒక్క చోట మావయ్య ఏమీ చెప్పలేదు. అత్త కూడా అడగలేదు.

ఇంటికొచ్చే దారిలో ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి నడుస్తూ అంది, "నాకూ తెత్తావేటి మావా, ముత్యం?"

"తెత్తాను. పోర్టులో పని సేసినోడికి సముద్రం ఓ దూరమేటి?"

హాస్యానికి అన్నాడనుకున్నాను. మావయ్య నిజంగానే బయలుదేరాడు...

సెలవు దొరికితే చాలు, అత్తని తీసుకుని ఎక్కడికో అక్కడికి. కంటి డాక్టర్లు, పసరు పోసేవాళ్ళు... మా వన్ టౌన్‌లో పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. చెయ్యి పట్టుకుని మూడూ ఎక్కించాడు. తీర్థం ఇస్తే తీర్థం, తాయెత్తు ఇస్తే తాయెత్తు, నూనె ఇస్తే నూనె. అన్నీ కళ్ళకద్దుకునేది అత్త.

చివరికి ఒక పెద్దాసుపత్రి. ఆ రోజు తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరుగారు చాలాసేపు పరీక్ష చేసి, "కంటి వెనక నరం ఎండిపోయిందయ్యా. దీనికి మందు లేదు. ఇంక ఆమెని తిప్పకు," అన్నారు.

మావయ్య నిలబడే ఉన్నాడు. "నా కన్నొకటి తీసి ఎట్టండి బాబూ. నాకు ఒకటి సాలు."

"అలా కుదరదయ్యా..." డాక్టరుగారి గొంతు కూడా తగ్గిపోయింది.

బయట మెట్ల మీద మావయ్య కూలబడిపోయాడు. బస్తాలు మోసే అంత మనిషి భోరుమని ఏడుస్తుంటే నాకు భయమేసింది. అత్త తడుముకుంటూ అతని తలని ఒళ్ళోకి తీసుకుంది.

"ఊరుకో మావా. ఇంకెక్కడికీ ఒద్దు. నీ మొగం నాను ముందే సూసీసినాను కదా... అది సాల్లే."

తర్వాత ఆ మిగిలిన వెలుతురూ పోయింది. ఆదివారాలు మాత్రం మానలేదు వాళ్ళు. కొన్నేళ్ళకి ఒక పొద్దున్న, డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలోనే గుండె పట్టుకుని పడిపోయాడు మావయ్య. ఆసుపత్రికి చేరకుండానే పోయాడు. అత్త మళ్ళీ ఏ హాలు గడపా తొక్కలేదు.

ఇప్పుడు పెందుర్తిలో కూతురి దగ్గర ఉంటోంది. కూతురూ అల్లుడూ బాగానే చూసుకుంటారు. కానీ ఎవరు పలకరించినా "ఊఁ" తప్ప మాట రాదు...

మొన్న వెళ్ళినప్పుడు ఆ పాత సినిమా నా ఫోన్లో దొరికింది. సంబరంగా పక్కన కూర్చుని పెట్టాను. మాటలొచ్చినంతసేపు వింది. మాటల్లేని చోట నేను అందుకున్నాను. "నీళ్ళలోకి దూకాడత్తా... చుట్టూ చేపలు... పెద్దవి..." ఎంత తంటాలు పడ్డానో! నాకేమో చేపలకి కట్టిన తాళ్ళు కనబడుతున్నాయి, అట్టముక్క మీద వేసిన రంగు పెచ్చులు కనబడుతున్నాయి.

అత్త నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఆపీయమ్మా... నాకు సీకటే కనబడతంది."

ఆపేశాను.

ఆ హాలు ఎప్పుడో కూల్చేశారు. ఇప్పుడు ఎవరి సినిమా వాళ్ళ చేతిలోనే ఉంది, ఒకరికొకరు చెప్పాల్సిన పని లేదు... మీ చెవిలో అలా కథలు చెప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ గురించి ఈ పోస్టు కింద రాయండి. అత్తకి చదివి వినిపిద్దామనే ఉంది. వింటుందన్న ఆశైతే నాకు లేదు.