వెలగకముందే చూసొచ్చే దీపాలు

మా ఎదురింటి బల్బులమ్మ, ఏడాది చివరి సెలవులకు ఊరంతా కట్టే దీపాల తోరణాల్లోంచి బల్బులు దొంగిలించిందని మా వీధిలో ఒక మాట ఇప్పటికీ తిరుగుతోంది. ఆ మాటను వీధిలోకి తెచ్చింది టైలరమ్మ. అక్కడి నుంచి నాలుగిళ్ళకు చేరవేసింది నేను. కాబట్టి వెనక్కి తీసుకోవలసింది కూడా నేనే. రాయనా అని ఆవిడనే అడిగాను. "రాయండి పిన్నిగారూ. మా ఆయన ఇప్పుడు నిచ్చెన ఎక్కడం లేదుగా, ఎవరికీ ఏమీ కాదు" అంది.

బల్బులమ్మ అంటే లైట్లాయన భార్య. యాభై దాటిన మనిషి. వాళ్ళ ముందుగదిలో మనం కూర్చోవాలంటే ముందు తీగల చుట్టలు పక్కకు జరపాలి. గోడ నిండా మేకులు, మేకు మేకుకూ సీరియల్ లైట్లు. ఆవిడ కిటికీ పక్కన చిన్న పీట వేసుకుని, ఒక్కొక్క బల్బునూ చెవి దగ్గర పెట్టి గోటితో మీటుతుంది. లోపలి తీగ తెగిందో లేదో ఆ చప్పుడును బట్టి చెప్పేస్తుంది. నేను కూడా ఒకసారి మీటి చూశాను. నాకు నా గోరు చప్పుడే వినపడింది.

ఆవిడ బాగుచేసిన తీగల్ని లైట్లాయన మరో ఇద్దరు పనివాళ్ళతో వెళ్ళి ఊళ్ళో కడతాడు. పార్కు కమ్ములకు, వంతెనకు, బజారు వీధికి. ముప్పై ఏళ్ళుగా అదే పని. తీగకూ తీగకూ అతుకు వేసి, నల్ల టేపు చుట్టి, ఆఖర్న కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చూస్తాడు. టేపు అంచు ఎక్కడైనా లేచి ఉందా, రాగి ఎక్కడైనా బయటపడిందా అని. "కంటికి కనపడంది వేలికి దొరుకుతుంది అత్తగారూ" అనేవాడు నాతో. తడిమాక "బాగుంది" అంటాడు. ఆయన "బాగుంది" అన్న అతుకును మళ్ళీ చూడాలని ఇన్నేళ్ళలో ఏ కాంట్రాక్టరుకూ తోచలేదు.

పోయిన ఏడు సెలవులకు ముందు ఒక పొద్దున నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పొయ్యి మీంచి దించిన టీ గ్లాసులో పోసి ఇస్తే ఆయన దాన్ని పిడికిలి నిండా పట్టుకుని తాగుతున్నాడు. నా గ్లాసును నేను కొంగుతో కూడా పట్టుకోలేకపోతున్నాను.

"అది చెయ్యా, పటకారా అల్లుడూ?" అన్నాను.

"అలవాటైపోయింది అత్తగారూ" అని నవ్వాడు.

బల్బులమ్మ నవ్వలేదు. ఆయన వేళ్ళ వంకే చూస్తోంది. మర్నాటికి ఆ వేళ్ళు బొబ్బలెక్కాయి. "ఇవెప్పుడు కాలాయబ్బా?" అని ఆయనే ఆశ్చర్యపోయాడట. చక్కెర జబ్బు ఆయన వేళ్ళలో స్పర్శను కొంచెం కొంచెంగా తినేసింది. ఆ సంగతి ఆవిడకు తెలిసిపోయింది. ఆయనకు తెలియదో, తెలిసీ ఒప్పుకోడో నేను చెప్పలేను.

ఆ వారమే పార్కులో కట్టిన తీగ ఒకటి బాగుచేయడానికి ఇంటికొచ్చింది. ఆవిడ ఒళ్ళో వేసుకుని చూస్తే ఐదు చోట్ల టేపు అంచు అంటుకోకుండా ఎండుటాకులా చుట్టుకుపోయి ఉంది. లోపల రాగి మెరుస్తోంది. ఆ ఐదింటినీ ఆయన తడిమి, "బాగుంది" అన్నవే. పార్కు కమ్ములంటే పిల్లలు పట్టుకుని వేలాడే కమ్ములు. ఆవిడ ఆ రాత్రి అన్నం కలిపి అలాగే వదిలేసిందట.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే: దీపాలు మొదలైన రోజు నుంచీ బల్బులమ్మ సాయంత్రం నాలుగింటికి రబ్బరు చెప్పులు వేసుకుని, సంచి తగిలించుకుని బస్సెక్కుతోంది. వీధి వీధంతా పిల్లల్ని తయారుచేసుకుని దీపాలు చూడ్డానికి బయల్దేరే ఏడింటికి ఈవిడ ఇంటికి వచ్చేస్తోంది.

"ఎక్కడికే వెళ్ళొచ్చావు?" అని అరుగు మీంచి అడిగాను.

"దీపాలు చూసొచ్చాను పిన్నిగారూ. చాలా బాగున్నాయి."

"అవి వెలిగేదే ఆరున్నరకు కదే! అరగంట బస్సు ప్రయాణం. ఎప్పుడు చూశావు?"

ఆవిడ గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ఇక నాకు ఆ పూట అన్నం సహిస్తుందా?

మూడో రోజు టైలరమ్మ నా రవికె కొలత తీసుకోవడానికి వచ్చి నా చెవి కొరికింది. "మా మరిది కళ్ళారా చూశాడు పెద్దమ్మా. పార్కు దగ్గర ఆ తోరణంలో చెయ్యి పెట్టి ఏదో పీకుతోందట. సంచీ కూడా ఉందట."

"మొగుడు కట్టిన దాంట్లోంచే పీకుతుందిటే?"

"అదే మరి! ఇంటి దొంగని ఎవరు పట్టుకుంటారు?"

నిజమో కాదో చూసి ఆ తర్వాత నలుగురికీ చెబుదామనుకున్నాను. చూడకముందే నలుగురికీ చెప్పేశాను. చూడ్డానికి మర్నాడు వెళ్ళాను.

ఆవిడ ముందు తలుపు నుంచి ఎక్కితే నేను వెనక తలుపు నుంచి ఎక్కాను. పార్కు దగ్గర దిగాం. ఆకాశం మబ్బు పట్టి సన్నగా తుంపర పడుతోంది. వెలగని దీపాలు పగలు చూస్తే ఏముంటుంది, కమ్ములకు ఆరేసిన నల్లతాళ్ళలా ఉన్నాయి. ఆవిడ మొదటి కమ్మి దగ్గర మొదలుపెట్టింది. ఆయన లాగే వేళ్ళతో తడుముతూ పోతోంది, కాకపోతే కళ్ళు మూసుకోవడం లేదు, కళ్ళజోడు పెట్టుకుంది. ఎక్కడో ఆగుతుంది. పాత టేపు ఊడదీసి, సంచిలోంచి కొత్తది తీసి, పంటితో తెంపి, చుట్టి, బొటనవేలితో నొక్కుతుంది. ఒక అతుకు, పది అడుగులు, మళ్ళీ ఒక అతుకు. నేను చెట్టు చాటున నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఏడో అతుకు దగ్గర నాకు టీ గ్లాసు గుర్తొచ్చింది.

చెట్టు చాటు నుంచి బయటికి వచ్చేశాను. నన్ను చూసి ఆవిడ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవడానికి టైము లేదు.

"పిన్నిగారూ, గంటెంత?"

"ఆరూ పది."

"ఇంకా గేటు తోరణం ఉంది. ఆరున్నరకు పెట్టెలో గడియారం దానంతటదే కరెంటు వదులుతుంది. మనం ఆపమంటే ఆగదు. రండి, నా నడుం పట్టుకోండి."

గేటు దగ్గర అప్పటికే జనం చేరుతున్నారు. ఒక చిన్నపిల్ల బాగా కనపడాలని తోరణం కమ్మిని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు పైకి మడిచి ఊగుతోంది. కమ్ములన్నీ తడిసి ఉన్నాయి. బల్బులమ్మ గేటు పక్క దిమ్మె ఎక్కింది. నేను కింద నుంచి ఆవిడ నడుం పట్టుకున్నాను. నా వయసుకు ఎవరి నడుం ఎవరు పట్టుకోవాలో మీరే చెప్పండి. పైన ఒక అతుకుకు టేపు పూర్తిగా ఊడి వేలాడుతోంది. రాగి కమ్మికి జానెడు దూరంలో ఉంది. ఆవిడ ఒక చుట్టు చుట్టిందో లేదో వెనక నుంచి వాచ్‌మన్ కేకేశాడు.

"ఏయ్! దిగు! ఏం పీకుతున్నావక్కడ?"

చెయ్యి పట్టి కిందికి లాగేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏరా, ఆవిడెవరో తెలుసా?" అని మొదలుపెట్టానో లేదో, బల్బులమ్మ నా జబ్బ పట్టుకుని గట్టిగా గిల్లింది. ఆ నల్లమచ్చ వారం రోజులు పోలేదు.

"బల్బు తీశాను బాబూ. తప్పయిపోయింది" అంది.

ఆవిడ సంచిలోంచి ఒక బల్బు తీసి చూపించింది. అది ఇంటి నుంచి తెచ్చుకున్న బల్బు.

"కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తానుండు" అన్నాడు వాచ్‌మన్.

"చెయ్యి బాబూ, కాదనను. కాకపోతే ఆరున్నరకు ఇక్కడ చీకటిగా ఉంటే ముందు నిన్నే అడుగుతారు. తీసిన చోటే పెట్టేసి పోతాను, ఒక్క నిమిషం."

వాడు గడియారం చూసుకున్నాడు. జనాన్ని చూశాడు. "తొందరగా పెట్టి తగలడు. మళ్ళీ ఈ చుట్టుపక్కల కనపడ్డావంటే ఊరుకోను" అన్నాడు.

మళ్ళీ దిమ్మె ఎక్కింది. బల్బు పెడుతున్నట్టు ఒక చెయ్యి ఊపుతూ రెండో చేత్తో టేపు చుట్టింది. ఒకటి, రెండు, మూడు చుట్లు. నొక్కింది. కింద ఆ పిల్ల కమ్మి వదలడం లేదు. "దిగమ్మా, మీ అమ్మ పిలుస్తోంది" అన్నాను. "మా అమ్మ ఇక్కడే ఉంది" అంది ఆ పిల్ల. బల్బులమ్మ టేపును పంటితో తెంపి ఇంకా దిమ్మె దిగుతూనే ఉంది, దీపాలు వెలిగాయి.

జనమంతా ఒక్కసారి "ఆఁ" అన్నారు. ఎరుపు, పచ్చ, నీలం, తడి రోడ్డు మీద కూడా అవే రంగులు. నేను వాటిని చూడలేదు, ఆ పిల్ల చేతుల్నే చూస్తున్నాను. అది కమ్మికి వేలాడుతూనే తల వెనక్కి వాల్చి నవ్వింది. అప్పటికి నాకు ఊపిరి ఆడింది.

ఇటు తిరిగి చూస్తే బల్బులమ్మ లేదు. దీపాలకు వీపు తిప్పి, తల వంచుకుని, బస్‌స్టాప్ వైపు నడుస్తోంది. ఎదురొచ్చే జనంలో మా వీధివాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు టైలరమ్మ మరిది. వాచ్‌మన్ కేకలన్నీ వినే ఉంటాడు.

బస్‌స్టాప్ బల్ల మీద ఆవిడ పక్కన కూలబడ్డాను. ఇక ఆగలేక అడిగేశాను.

"ఎందుకే దొంగనని ఒప్పుకున్నావు? రేపీపాటికి వీధంతా అనుకుంటుంది. అసలు సంగతి ఆయనకు చెప్పెయ్యక, ఈ పరుగులేమిటే?"

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నన్ను దొంగంటే నాలుగు రోజులు అని ఊరుకుంటారు పిన్నిగారూ. ఈయన అతుకు నమ్మకండని ఒక్కడంటే చాలు, మా ఆయన మంచం దిగరు. మొన్న నాలుక చివరిదాకా వచ్చింది, చెబుదామని. అప్పుడే కళ్ళు మూసుకుని తీగ తడుముతున్నారు. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. రోజూ పొద్దున ఆయన ఎక్కడో ఒకచోట కొత్త అతుకులు వేసొస్తూనే ఉంటారు. ఇంకా తొమ్మిది సాయంత్రాలు. పదో రోజు తీగలన్నీ ఇంటికొస్తాయి. ఆ రోజు ఆ వేళ్ళు పట్టుకుని నేనే చెబుతాను, ఇంకెవరూ చెప్పకూడదు. అందాకా ఈ టేపు చుట్టలు మీ సంచిలో ఉంచండి. ఆ వాచ్‌మన్ రేపటి నుంచి నా సంచి వెతుకుతాడు, మీది వెతకడు. నాలుగింటికల్లా తయారుగా ఉండండి. ఈసారి ముందు తలుపు నుంచే ఎక్కండి, వెనక మెట్టు మీకు ఎత్తు."