పన్నెండు మీటర్ల స్పీకర్ వైరు

పక్క పోర్షన్‌లో ఉండే నల్గొండ వడ్రంగి నాకు స్పీకర్ డబ్బాలు చేసిచ్చాడు. వాటికి ఆయన ఇంట్లో పడున్న సన్న వైరు తగిలించబోతే నాకు ఒళ్లు మండింది. రాగి లావుగా ఉండాలి, రెండు పక్కలా ఒకే కొలత ఉండాలి అని పట్టుబట్టాను. తెలంగాణ ఉద్యమం రగులుతున్న రోజులు. అయినా ఆయన్ని దిల్‌సుఖ్‌నగర్ లాక్కెళ్లాను.

"గీ వైరుకు గింత పరేషానేంది తమ్మీ? ఎట్లైనా పాటనే వస్తది" అని దారంతా ఆటపట్టించాడు. సగం దించిన షట్టరు కింద దూరి పన్నెండు మీటర్లు కోయించుకున్నాం.

బస్సులు ఆగిపోయాయి. నడిచి ఎల్బీనగర్ చేరేసరికి అక్కడ అద్దాలు పగులుతున్నాయి. "నోరు తెరవకు. నీ మాట వింటే ఆంధ్రోడివని తెలుస్తది" అన్నాడు. అంతలోనే రాళ్లు పట్టుకున్న నలుగురు అడ్డమొచ్చి నన్ను ఏ ఊరని అడిగారు.

"మా బామ్మర్ది. పన్ను పీకిచ్చుకొని ఒస్తుండు, మాట్లాడలేడు" అన్నాడాయన. నేను దవడ పట్టుకుని నిలబడ్డాను. వాళ్లు నవ్వి వదిలేశారు.

అప్పుడే పోలీసులు విరుచుకుపడ్డారు. రాళ్లవాళ్లు సందుల్లోకి పరుగెత్తారు, మేం మిగిలాం. "రాళ్లేస్తావురా?" అంటూ ఒకడు ఆయన మీద లాఠీ ఎత్తాడు. అడ్డం పెట్టిన కుడిచేతి మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది. కింద పడ్డాక కూడా కొట్టారు. నుదురు చిట్లి, రక్తం వైరు చుట్ట మీద కారింది. ఆయన నా వైపు చూశాడు.

రసీదు నా జేబులోనే ఉంది. "సార్, మేం వైరు కొనుక్కుని వస్తున్నామండీ" అని మా గుంటూరు యాసలో ఒక్క మాటంటే లాఠీ ఆగేది. నా చెయ్యి మాత్రం దవడ మీదే ఉండిపోయింది. భయం, అంతే. ఇంకే పేరూ పెట్టను.

వారం తర్వాత చేతికి కట్టుతో మా గదికి వచ్చాడు. "ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి పెట్టు" అంటూ పక్కన కూర్చున్నాడు. ఆయన కట్టు వైపే చూస్తూ ఒక పక్క తారుమారు చేశాను. పాట పలచగా, డొల్లగా వచ్చింది. ఎట్లైనా పాటనే అన్న మనిషి వెంటనే పసిగట్టి, ఎడమచేత్తో తీగలు విప్పి సరిచేశాడు. గది నిండా పాట నిండింది.

"ఎట్లుంది?" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

"ఈడ ఎవ్వరు లేరు తమ్మీ. ఇప్పుడన్న నోరు తెరువు."