లోపలి పొరకి మాయమ్మ చీర

దోసె పిండి చేత్తోనే మా ఆడబిడ్డ దగ్గిర పుస్తకం లాక్కున్నా. ప్లస్ టూ చదవతా ఉండే ఆ పిల్ల పాఠం గట్టిగా చదవతా మైటోకాండ్రియా అనింది, అంతే, నాకు ఒళ్ళు మండిపాయ. పుస్తకంలో ఉండే ఆ బొమ్మ నాకు బాగా తెలుసు. ఒంట్లో కణాల్లో ఉండి మనం తిన్నదాన్ని శక్తిగా మార్చేది ఆ మైటోకాండ్రియానే. దానికి రెండు పొరలు, లోపలి పొర పొడుగెక్కువ కాబట్టి మడతలు మడతలుగా ఉంటాది, ఆ మడతల్లో ప్రోటీన్ ముద్దలు దిగేసుకోని ఉంటాయి.

నేను ఎనిమిదితోనే మానుకున్నా, ఇదంతా తిరుత్తణిలో సైన్సు అయ్యవారుగా ఉండిన మా బావ చెప్పింది. అప్పుడు నేను పెండ్లిగాకుండా అక్కోళ్ళింట్లో ఉంటి. మర్నాడు ఇస్కూల్లో ఎగ్జిబిషన్ అనంగా, నేను కనకమ్మ సత్రం అనే ఊరికి శెనక్కాయ పీకను పోయినప్పుడు, చచ్చిపోయిన మాయమ్మదని నాకు మిగిలిన ఒకే ఒక నూలు చీర నా ట్రంకు పెట్టిలోంచి తీసి, రేకు డబ్బాలో లోపలి పొర మాదిరి మడతలుగా సర్ది, బొక్కలు పొడిచి, బంకమన్ను ముద్దలు తీగల్తో గుచ్చేసినాడు. నేనొచ్చేసరికి ఇంటినిండా పక్కింటోళ్ళు, ఈయన కర్ర పట్టుకోని చెప్తా ఉండాడు: ఈ ముద్ద ఎలక్ట్రాన్లని పక్కదానికిస్తాది, అది ఇంకోదానికి, అట్ల ఇచ్చేటప్పుడు ప్రోటాన్లు పొర అవతలికి పోతాయి, అవి తిరిగి ఈ కొసన ఉండే ముద్దలోంచి వస్తేనే శక్తి తయారయ్యేది, ముద్దలు ఒకదానికొకటి అతుక్కోనుంటాయా తేలతా తిరగతాయా అనేది పెద్ద సైంటిస్టులకే ఇంకా తేల్లేదు, ఏదైనా పొర బాగుంటేనే పని జరిగేది అని.

నేను ఏడస్తా చీర అడిగితే అందురి ముందరా నవ్వినాడు.

"ఏమ్మే, పాత గుడ్డకి ఇంత రాగమా? మీయమ్మ ఇస్కూలు మొగమే చూడలా, ఆమె చీరన్నా చూడనీలే."

అక్క తల వంచుకోని ఎర్రగడ్డలు తరగతా ఉండె. పెద్దాఫీసరు వస్తాడని, ఆయన మెచ్చుకుంటే బావ హెడ్మాస్టరేనని అందురూ అంటా ఉండిరి, ఉండు నీ సంగతి చూస్తా అనుకున్నా.

ఆ కాలంలో ఆడపిల్ల పెట్టి తెరిచేదానికి ఎవురూ ఎవుర్నీ అడిగేవాళ్ళు గాదు. ఇప్పుడు మా ఆడబిడ్డ ఎవురన్నా తన రిబ్బన్ తీసినా కొట్లాటకొస్తాది, అది చూస్తే ముచ్చటగానూ ఉంటాది, మనసులో ఏదో కలుక్కుమంటాది కూడా. బావ మాత్రం ఈ పొద్దుకీ నాతో చూసి చూసి మాట్లాడతాడు.

ఎగ్జిబిషన్ నాడు పొద్దున ఆయన నీళ్ళు పోసుకోను పోంగానే, ముద్దలన్నీ పీకి, వరస తప్పకుండా పొర లేకుండా ఉత్త రేకు మీద పెట్టి డబ్బా మూసేసినా. చీర జాడించి, తడితడిగానే, బొక్కలన్నీ ముందరికి కనపడేటట్టు కట్టుకోని, బావకంటే ముందు ఇస్కూలుకి పోయి ఆఫీసరు కుర్చీకి ఎదురుగ్గా నిలబడుకున్నా.