మునిగిన ఓడలో మా బావ

ఇవాళ పొద్దున తొర్రూరులో నా దుకాణం షట్టర్ ఎత్తుతుండగా అక్క ఫోన్ చేసింది. "బావ నిన్నటి సంది అన్నం ముడ్తలేడు. కొత్త వియ్యాలోళ్ల ముందల గట్లనా అనేది? ఒచ్చి తప్పయిందని ఒక్క మాటను తమ్మీ" అంది. రానన్నాను. ఫోన్ పెట్టేసింది. యాభై రెండేళ్ల నా బతుకులో అక్క మాట కాదనడం ఇదే మొదలు.

నిన్న జనగామలో అక్క కొడుకు నిశ్చితార్థం. భోజనాల దగ్గర మా బావ వియ్యాలవారిని చుట్టూ కూర్చోబెట్టుకుని తన సముద్రం కథ అందుకున్నాడు. నాలుగేళ్ల కింద ఫిలిప్పీన్స్‌లో, యుద్ధకాలంలో మునిగిన ఓడను చూడటానికి నీళ్లలోకి దిగినప్పుడు, తోవ చూపే ఆడమనిషి భయంతో చేతులెత్తేసిందట. తనే ఆమెను రెక్క పట్టి పైకి లాక్కొచ్చాడట. వాళ్లు "వామ్మో" అంటున్నారు. నేను చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాను. లేచి, "అబద్ధం బావా. ఆమెనే నిన్ను బయటికి గుంజుకొచ్చింది" అన్నాను. ఆ మాట హాలంతా వినపడింది. చెయ్యి కడుక్కుని బస్సెక్కేశాను. నన్ను ధైర్యవంతుడనుకునే వాళ్లుంటారు కాబట్టి మిగతాది కూడా చెప్పాలి.

బావది జఫర్‌గఢ్ దగ్గర పెద్ద వ్యవసాయం. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర నడుముకు కట్టి వాళ్ల బావిలో ఈత నేర్పింది ఆయనే. నేను మునిగితే జుట్టు పట్టి లేపి, ముక్కు తుడిచి, మళ్లీ తోసేవాడు. ఆ ప్రేమ నిజం. కానీ ఆయనలో ఇంకొకటి ఉంది. తప్పు తన చేతిలో జరిగితే ఆ చెయ్యి ఇంకొకరిదైపోతుంది. ఒకసారి కొత్తగూడ వైపు తానే ట్రాక్టర్ నడిపి వాగు గడ్డన పల్టీ కొట్టించాడు. పక్కన నిలబడ్డ తండా డ్రైవర్ నడిపాడని ఊరంతా చెప్పాడు. ఆ డ్రైవర్ పని పోయింది. అది మేమంతా నవ్వుకుంటూ చెప్పుకున్న ముచ్చట. నేను కూడా నవ్వాను.

అక్క కూతురు అప్పుడు ఫిలిప్పీన్స్‌లో డాక్టర్ చదువు మూడో ఏడులో ఉంది. దాన్ని చూడటానికి బావా, అక్కా, నేనూ వెళ్లాం. సెలవుల్లో అది మమ్మల్ని ఒక దీవికి తీసుకుపోయింది. చుట్టూ నల్లటి సున్నపురాతి కొండలు, మధ్యలో చెరువులా కదలకుండా పడుకున్న సముద్రం. దాని అడుగున జపాను వాళ్ల సరుకుల ఓడ. విమానాలు బాంబులు వేస్తే మునిగిందట. గాలి సిలిండర్ కట్టుకుని దిగి చూడొచ్చంటే బావకు పట్టుదల వచ్చింది. ముందు మూడు రోజుల పాఠాలు. బావ బొజ్జ మీదికి ఆ రబ్బరు చొక్కా ఎక్కించడానికి ఇద్దరం కావాల్సొచ్చింది. నీటి కింద బొటనవేలు పైకి చూపితే 'పైకి పోదాం' అని అర్థం. చేపలు బాగున్నాయని బావ వేలు చూపినప్పుడల్లా పాఠం చెప్పే ఆమె ఆయన్ను పైకి తీసుకుపోయేది. నాలుగుసార్లయ్యాక నవ్వాపుకోలేక పడవ అంచు పట్టుకుంది.

ఆమే మాకు తోవ చూపే మనిషి కూడా. వయసు యాభై దాటి ఉంటుంది. పొట్టిగా, ఎండకు మాడి, నీళ్లలో చేపకంటే తక్కువ చప్పుడు చేసేది. ఓడకు బయల్దేరే రోజు మేనకోడలి చేత మాకు తెలుగులో చెప్పించింది: బయట నుంచే చూడాలి, దేన్నీ ముట్టుకోవద్దు, లోపలికి పోవద్దు. "లోపట సచ్చిపోయినోళ్లు ఉన్నరట బాపూ. వాళ్ల ఇల్లు అనుకోమంటుంది" అంది పిల్ల. బావ "సరె సరె" అన్నాడు.

అక్కా పిల్లా పడవలోనే ఉన్నారు; ఆమె వెంట బావా నేనూ దిగాం. ఓడ ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఇనుము మీద పగడాలు మొలిచి, దాని మీద పసుపు చేపలు మేస్తున్నాయి. అంత పెద్ద వస్తువు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెన్నడూ చూడలేదు. నా ఊపిరి నాకే కొలిమితిత్తి కొట్టినట్టు వినబడుతోంది. ఓడ పక్కన చిరిగిన సందులోంచి ఒక పింగాణి గిన్నె తెల్లగా కనబడింది. బావ దాని వైపు తల దూర్చాడు. ఆమె చేతిలోని ఇనుప కడ్డీతో సిలిండర్ మీద టంగుటంగున కొట్టింది. ఆయన వినలేదు. కాళ్లు కొట్టుకుంటూ లోపలికి దూరాడు. ఎనభై ఏళ్ల ఒండ్రు లేచింది. సందంతా పొగలా మూసుకుపోయింది. బావ కనబడలేదు.

ఆమె నా చేతిని ఒక కమ్మీ మీద పెట్టి, కదలొద్దని సైగ చేసి, ఆ మట్టిలోకి వెళ్లింది. నేను ఊపిరులు లెక్కపెడుతూ ఉన్నాను. అరవై దాకా లెక్కపెట్టి తప్పాను. అప్పుడు ముందు ఆమె చెయ్యి బయటికొచ్చింది, తర్వాత ఆ చేతిలో బావ మెడ దగ్గరి చొక్కా పట్టీ. బావ నోట్లో ఉన్న గాలి గొట్టం ఆయనది కాదు, ఆమె సిలిండర్‌ది. ఆమె ముంజేయి నిలువునా చీరుకుపోయింది. అంత లోతులో నెత్తురు ఎర్రగా ఉండదు. పచ్చటి పొగలా పోతోంది. ఆ చేత్తోనే ఆయన్ను విడవకుండా, ఒక్కసారిగా పైకొస్తే ప్రాణానికి ముప్పని ఆగవలసిన చోట ఆగుతూ, మమ్మల్ని పైకి తెచ్చింది.

పడవలో బావ కక్కుకున్నాడు. నీళ్లు తాగాడు. అక్క వీపు నిమిరింది. రంగు మళ్లీ రాగానే ఆయన అన్న మొదటి మాట: "గీమెనే నన్ను లోపటికి తీస్కపోయి ఇడిసిపెట్టింది. గీడికొచ్చే తెలుగోళ్లందరికీ చెప్త."

ఆ మాట పిల్ల చేత చెప్పించేసరికి, ఆమెకు పనిచ్చే పడవ యజమాని భయపడ్డాడు. అక్కడ చదువుకునే మన పిల్లల తల్లిదండ్రులే అతని గిరాకీ. ఆమె ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. నా వైపు తిరిగి అడిగాడు. మేనకోడలు తెలుగులో చెప్పింది: "మామా, నువ్వు ఆన్నే ఉన్నవ్ గదా. ఏమైందో చెప్పుమంటున్నడు."

ఆమె చేతికి తువ్వాలు చుట్టుకుని నన్నే చూస్తోంది. భయమేమీ లేదు ఆ చూపులో. నేను చూసింది చెబుతానని నమ్మకంగా ఉంది. అక్క కూడా నన్నే చూస్తోంది.

"నాకు సరిగ కనవడలే" అన్నాను.

పిల్ల ఆమె చేతి మీద జారుతున్న తువ్వాలు ముడి బిగించింది. తర్వాత నా మాటను యజమానికి ఉన్నదున్నట్టు చెప్పింది.

మర్నాడు పిల్ల ఒక్కతే ఆమె ఇంటికి పోయి, కుట్ల మీద కట్టు మార్చి వచ్చింది. బావ హోటల్లో చేపల పులుసు బాగుందని రెండోసారి వడ్డించుకుంటున్నాడు. పిల్ల లోపలికి రాలేదు. నన్ను బయటికి పిలిచింది. "ఆమెను పనిల నుంచి తీసేసిన్రు" అంది. బావ మీద కోపంతో నేనేదో మొదలుపెట్టబోయాను. ఆపింది. "మా బాపు గట్లనే. నాకెరుకనే. నువ్వెందుకు గట్ల జేసినవ్ మామా?"

అక్క కోసమనీ, పరాయి దేశమనీ, ఇంగ్లీషు రాదనీ నాకు నేను చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. బావ మీద కోపం వస్తే కనీసం ఆయన ముఖం మీద అరవగలిగాను. నా మీద వచ్చేదాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో తెలియడం లేదు. ఆమెకు మళ్లీ పని దొరికిందో లేదో నేను అడగలేదు. ఈ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. నిన్న జనగామలో ఎంత గట్టిగా అరిచినా, ఆ పడవ మీద అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ ప్రశ్నకున్న గడువు, పడవ గట్టు చేరేలోపే అయిపోయింది.