అమ్మ అడిగిన రాఖీ పువ్వు

లాక్‌డౌన్ సడలించాక బెర్లిన్‌లో నాకు దొరికిన మొదటి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, వీసాకి కాదు, బొటానికల్ గార్డెన్‌కి. మొక్కల మీద సున్నా ఆసక్తి ఉన్న కూకట్‌పల్లి పిల్లకి అదృష్టం అలాగే పడుతుంది!

అద్దాల ఇంట్లో అడవిని పెంచుతున్నారు. లోపలంతా ఉక్క, దానికి తోడు మాస్కు. ఒక తీగకి ఒకే ఒక్క ఎర్ర పువ్వు ఉంది. వెంటనే అమ్మకి వీడియో కాల్ చేశాను.

"అయ్యో, రాఖీ పువ్వులా ఉందే! ఒకటి కోసి దేవుడికి పెట్టవే."

పక్కింటి పూలు కోసుకురావడం మా ఇంట్లో దొంగతనం కాదు, భక్తి. చెయ్యి దానంతటదే వెళ్లింది.

"హాల్ట్!" తోటమాలి కేకకి అద్దాలు అదిరాయి.

"ఒక్క పువ్వుకి ఇంత గోలా?" నేనూ గయ్యిమన్నాను.

ఆయన మళ్లీ అరవలేదు. అదే ఘోరం. నెమ్మదిగా చెప్పాడు. ఇది దక్షిణ అమెరికా వానల అడవిలో పుట్టిన అరుదైన రకం, ఆ అడవినే నరికేస్తున్నారు. పువ్వు విచ్చుకునేది ఒక్కరోజే. అక్కడైతే చిన్న పిట్టలు పుప్పొడి మోస్తాయి, ఇక్కడ ఆయనే కుంచెతో అద్దాలి. ఈరోజు కోసం రెండేళ్లు ఎదురుచూశాడట.

నా చేతి పుణ్యమా అని కాడ అప్పటికే వంగిపోయింది.

"లైట్ పట్టుకో" అన్నాడు. అమ్మ కాల్ కట్ చేసి టార్చ్ వేశాను. ఆయన కుంచె అద్దినంతసేపూ ఊపిరి బిగబట్టాను. నా ఫోన్ ఒకరికి పనికొచ్చింది ఆ రోజే.

బయటికి రాగానే అమ్మ మళ్లీ చేసింది. "కోశావా?"

"లేదమ్మా, దానికి పెళ్లి చేసొచ్చా."

"దానికి కూడా అయిపోయిందా!"

ఇప్పటికీ పువ్వు కనిపిస్తే ముందు చేతులు జేబులో పెట్టుకుంటాను.