టెంకాయ లేచిన చోటు

“నేను లేపలేదప్పా, అదే లేచింది. ఇరవై ఏండ్లు అందరికీ ఇదే చెప్పినా. ఇప్పుడు నాకే నమ్మకం పోయింది.”

సైకిల్ షాపు ముందు గోనెసంచి మీద కూర్చుని, పంక్చరు వేస్తున్న కేశవతో అంటున్నాడు తిప్పయ్య. బెళుగుప్ప చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు తిప్పయ్యను పిలుస్తారు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పుల్లేకుండా చేనంతా తిరుగుతాడు. అది ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లు.

పోయిన నెల ఓబమ్మ చేనిలో లేచింది. నాలుగు వందల అడుగులు దించినా దుమ్మే వచ్చింది. అయినా ఆమె ఉన్న జత ఎద్దులూ అమ్మి రెండో బోరుకు లారీ మాట్లాడింది. రేపు పొద్దున్నే వచ్చి చోటు చూపమని తిప్పయ్యకే కబురు పెట్టింది.

“ఆ పొద్దు ఎండకు అరికాళ్లు బొబ్బలెక్కినాయి కేశవా. చేను సగమే తిరిగినా. యాపచెట్టు నీడలోకి పోయి నిలబడినానో లేదో, టెంకాయ లేచింది. లేచిందా, నేనే లేపినానా? నిజ్జంగా తెలీదు.”

“కాళ్లు కాలుతాంటే ఎవరైనా నీడకే పోతారు గదన్నా. చెయ్యి గూడా కాళ్ల మాటే వినింటాది. నువ్వు కావాలని చేసింది కాదు.”

ఆ మాటకు తిప్పయ్య మనసు తేలిక పడాలి. పడలేదు. ఒళ్లంతా బోరు దుమ్ముతో నిలబడిన ఓబమ్మ గుర్తొచ్చి తల వంచుకున్నాడు.

“చెయ్యి సంగతి ఇడిసిపెట్టు. ‘నీదేం తప్పు లేదు తిప్పన్నా, నా రాత’ అని ఆయమ్మ ఏడుస్తాంటే, ‘అవునమ్మా, నీ రాతే’ అంటి. ఈ నోటిని ఎవురు కదిలించినారప్పా? అప్పుడు నీడలోనే కూర్చోనుంటి గదా!”

కేశవ ట్యూబును పక్కన పెట్టి తిప్పయ్య వైపు తిరిగాడు.

“నీళ్లు పడితే నా చెయ్యి అంటి. పడకపోతే వాళ్ల రాత అంటి. మా ఇంటామె బయమ్మ ఊరికే తిడతాందా, సిగ్గులేని నోరు నీదని!”

“నువ్వే పోయి ఓబమ్మక్కకు చెప్పరాదా అన్నా?”

“పొద్దున పోతి. సగం దారిలో తిరుక్కోని వస్తి. ఇది గూడా కాళ్ల తప్పే అనమంటావా?” తిప్పయ్య చూపు నేల మీదే ఉంది. “నువ్వు సైకిలెక్కి పో నాయనా. ఆయమ్మతో ఏమీ చెప్పొద్దు. ఈడికి పిల్చుకోని రా. చెప్పేది నేనే చెప్తా.”